బట్టమేక కాలికి నూలిపోగు

సోలాపూర్, కుంఠా నాకా
జూన్ ఆఖరు

చిరంజీవి మేఘనకు పెద్దబాపు సిద్ధరాములు దీవెనలు.

నువ్వు అటవీశాఖ ఖాకీ చొక్కా తొడుక్కుని నాన్నజ్ బస్సెక్కిన రోజు నుంచి ఈ ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లు లేరు. మీ పెద్దమ్మ గంగుబాయి మాట్లాడుతుంది, కాదనను. కానీ పవర్‌లూమ్ మోతలో చెవులు పోగొట్టుకున్నవాడికి ఎదుటి మనిషి పెదవులు కనబడాలి. ఆమేమో తల వంచుకుని బీడీలు చుడుతూ మాట్లాడుతుంది. ఇక ఫోన్ సంగతి చెప్పనక్కర్లేదు. నువ్వు ఆమెకు అరగంట చెప్పిన కబురు నా దాకా వచ్చేసరికి "మంచిగున్నదట" అనే ఒక్క ముక్క అవుతుంది. అందుకని ఉత్తరాలు రాయి. తెలుగులోనే రాయి. మరాఠీ బడిలో చదివిన నీకు మగ్గానికి బొమ్మలు చెప్పే చిల్లుల జకార్డు అట్టల వెనక తెలుగు అక్షరాలు దిద్దించింది ఇందుకే అనుకో. నోటితో మన యాస ఎంతైనా మాట్లాడుకుందాం, కాగితం మీద మాత్రం మా తెలుగు బడి పంతులు నేర్పినట్టే రాయాలి. అది నా పట్టుదల.

వాడలో అందరూ నీ గురించే అడుగుతున్నారు. పిల్ల ఏ అడవిలో పని చేస్తున్నదని. బట్టమేక పక్షుల అభయారణ్యంలో అంటాను. పులి ఉన్నదా అంటారు. లేదంటాను. ఏనుగు? లేదు. మరి చెట్లయినా ఉన్నాయా? అవి కూడా పెద్దగా లేవని చెప్పేసరికి నా పరువు కాస్తా పోతోంది. నిన్న మీ పెద్దమ్మ అననే అన్నది.

"గడ్డికి కావలి కాయనీకి సర్కారు జీతమిస్తదా? గడ్డిని ఎవడు ఎత్కపోతడయ్యా?"

దీనికి జవాబు నువ్వే పంపు.

ఇంకొక మాట. పవర్‌లూమ్ మానేశాక మూలన పడి ఉన్న మన చేమగ్గాన్ని దులిపి నూనె పెట్టాను. బతుకంతా చలికి కప్పుకునే చాదర్ల మీద నెమళ్లే నేశాను, షాపువాళ్లు అడిగేవి అవే కనుక. ఇప్పుడు ఎవరూ అడగనిది ఒకటి నేయాలని ఉంది. నీ బట్టమేకను నేస్తాను. పేరులోనే బట్ట పెట్టుకున్న పక్షి ఇన్నాళ్లూ సాలెవాడి మగ్గం మీదికి రాలేదంటే తప్పు మనదే. అదెట్లా ఉంటుందో కళ్లకు కట్టేలా రాయి.

నీ పెద్దబాపు


నాన్నజ్
జూలై

పెద్దబాపుకు దండాలు.

నీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. పెద్దమ్మకు చెప్పు, గడ్డిని ఎత్తుకుపోయేవాళ్లు చాలామందే ఉన్నారు. మేకలు ఎత్తుకుపోతాయి, నిప్పు ఎత్తుకుపోతుంది, నాగలి ఎత్తుకుపోతుంది. అన్నిటికంటే ఎక్కువగా మంచివాళ్లు ఎత్తుకుపోతారు. ఖాళీ జాగా కదా అని చెట్లు నాటుతారు. చెట్లు లేచిన చోటికి బట్టమేక రాదు. నాలుగు దిక్కులూ కనబడితే తప్ప దానికి ధైర్యం చాలదు.

నేను కూడా వచ్చిన మొదటిరోజు మొహం చిన్నబుచ్చుకున్నాను. ఎటు చూసినా ఎండుగడ్డి, రాళ్లు. వానలు పడ్డాక చూడాలి పెద్దబాపూ! పాదాల దాకా ఉన్న గడ్డి మోకాళ్ల దాకా లేచింది. గాలి వస్తే కొండ వాలు మొత్తం ఒకేసారి పక్కకు ఒరిగి మళ్లీ లేస్తుంది. భరతపక్షులు పాడుతూ నిట్టనిలువుగా పైకిపోయి, పాట అయిపోగానే రాయిలా కిందికి పడతాయి. కృష్ణజింకల మంద నా మోటార్‌సైకిల్ చప్పుడు విని ఒకదాని వెనక ఒకటి గాలిలోకి ఎగిరింది. ఒక తోడేలు దారికి అడ్డంగా వచ్చి, నన్ను ఎగాదిగా చూసి, పనిలేని మనిషి అనుకున్నట్టు వెళ్లిపోయింది. చుట్టూ చెరకు తోటలు, రోడ్లు, కరెంటు తీగలు. వీటన్నిటి మధ్య ఈ గడ్డిని ఎట్లా ఉన్నదాన్ని అట్లా ఉంచారు కనుకే ఇవి బతికి ఉన్నాయి. ఉంచడమే మా పని. నువ్వు చాదర్‌లో బొమ్మల మధ్య ఖాళీని నేల అంటావు చూడు, నేల లేకపోతే నెమలి నిలవదంటావు. ఇది ఆ నేల.

బట్టమేకను నేనింకా చూడలేదు. మరాఠీలో మాళ్‌ఢోక్ అంటారు. మా సీనియర్ వినాయక్ భావు చిన్నతనంలో గుంపులు చూశాడట. ఈ మధ్య మా వైపు కనబడుతున్నది ఒక్క ఆడపక్షే. దాని గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గిపోతుంది, ఇంట్లో పసిబిడ్డ పడుకున్నట్టు. నడుము ఎత్తు ఉంటుందట. నెత్తిన నల్లటి టోపీ, వెన్నెల రంగు పొడుగు మెడ, వీపు మీద ఎండుగడ్డి రంగు. పెద్దింటి ఆడపడుచులా తొందర లేకుండా నడుస్తుందట. అంత బరువైన పక్షి ఎగిరితే ఎట్లా ఉంటుందని అడిగాను. "ఎగిరినప్పుడు నీకే తెలుస్తుంది పోరీ, చెప్తే తెలిసేది కాదు" అన్నాడు.

గూడు సంగతి, గుడ్డు సంగతి వచ్చే ఉత్తరంలో రాస్తాను. కంచె దాకా పశువులు వచ్చాయని పిలుస్తున్నారు.

మేఘన


సోలాపూర్, కుంఠా నాకా
ఆగస్టు, నూలి పున్నమి దాటాక

చిరంజీవి మేఘనకు,

పున్నమి మర్నాడు నిన్ను చూసి వచ్చినప్పటి నుంచి నేను సగం మీ నాన్నజ్‌లోనే ఉన్నాను. కొంతం చౌక్ రద్దీలో నిలబడి కూడా ఆ గడ్డే చూస్తున్నాను. ఆటోవాడు హారన్ కొట్టాడట, నాకెట్లాగూ వినబడదు, తిట్టాడని పక్కవాళ్లు చెప్పారు. చెవులు పోయినవాడికి దేవుడు చేసిన చోటు అది. అక్కడ చెవులున్నవాళ్లు కూడా ఊరికే చూస్తూ నిలబడతారు. నల్ల జింక మెలితిరిగిన కొమ్ములు ఎత్తుకుని నిలబడితే రాజదర్బారులో ఉన్నట్టు అనిపించింది. మీ వినాయక్ భావు కాళ్లు మొక్కుదామనుకున్నాను. అంత ఎండలో అంత ఓపికగా ఎవరి కోసం కాస్తున్నాడు? కనబడీ కనబడని ఒక్క పక్షి కోసం. నిన్ను చూసి నా ఛాతీ ఉప్పొంగింది బిడ్డా. ఈ మాట ఎదురుగా ఉన్నప్పుడు అనలేదు.

నీ చేతికి, ఆయన చేతికి నూలిపోగు కట్టాను కదా. ప్రతి ఏడూ శ్రావణ పున్నమికి మన సాలెవాళ్లు కొత్త పోగు పేని, కులదేవుడు మార్కండేయుడి ముందు పెట్టి, మగ్గానికి, ఇంటివాళ్లకు, కావలసినవాళ్లకు కడతారు, చల్లగా ఉండాలని. ఈసారిది నా చేతులారా దానిమ్మ రంగు అద్ది, నాలుగు పోగులు కలిపి పేనింది. వినాయక్ భావు చేతికి కడుతుంటే నాకొక ఆలోచన వచ్చింది. అందరికీ కట్టాను, అసలు ఎవరి కోసం ఇంత కావలో ఆ పక్షికి ఎవరు కడతారు?

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. మీరిద్దరూ టీ కోసం పోయినప్పుడు, సంచిలో మిగిలిన దానిమ్మ పోగు ముక్కలన్నీ మీ కావలి మంచె కింద ఉన్న ముళ్లపొదల మీద పరిచి వచ్చాను. మన వాడలో మగ్గం మీద మిగిలిన దారం ఎవరూ పారేయరు కదా, గోడల మీద పెడతారు, పిట్టలు గూళ్లకు పట్టుకుపోతాయి. మీ బట్టమేక కూడా తన గూట్లో మన పోగు ఒకటి పెట్టుకోనీ. వచ్చే ఏడు పిల్లలు ఆ మెత్తదనంలో కళ్లు తెరవనీ. మీ పెద్దమ్మకు చెబితే, "మంచి పని జేసినవ్, గా పక్షికి ఆడబిడ్డ లాంఛనం అయిపాయె" అన్నది.

చాదర్ మొదలుపెట్టాను. అట్టలకు చిల్లులు కొట్టించాను. పక్షి వేపకొమ్మ మీద కూర్చున్నట్టు, నెమలికి వేసినట్టే ముందు మూడు, వెనక ఒక వేలు కొమ్మను పట్టుకున్నట్టు వేశాను. తల నుంచి కిందికి నేస్తున్నాను. నల్ల టోపీ అయింది. మెడ సగం వచ్చింది.

నీ పెద్దబాపు


నాన్నజ్
అదే వారం

పెద్దబాపూ,

నీ ఉత్తరం ఇంకా అందలేదు. ఆగలేక నేనే రాస్తున్నాను. చూశాను! బట్టమేకను చూశాను!

పొద్దున మబ్బు పట్టి ఉంది. వినాయక్ భావు నా భుజం నొక్కి "బఘ, బఘ" అన్నాడు, చూడమని. దూరంగా గడ్డి మీద ఒక తెల్లటి మెడ లేచింది. తర్వాత తల. తర్వాత మిగతా పక్షి అంతా గడ్డిలోంచి పుట్టినట్టు బయటికి వచ్చింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, దుర్భిణి మసకబారింది. ఎంత హుందాగా ఉంది! ఒక అడుగు వేసి ఆగుతుంది, మిడతను పడుతుంది, తల ఎత్తి నాలుగు దిక్కులూ చూస్తుంది. ఈ నేలంతా తనదేనని దానికి తెలుసు. నిజంగా దానిదే. మనమే తర్వాత వచ్చాం.

ఎడమ కాలు దింపేటప్పుడు కుంటింది. దుర్భిణి సరిచేసుకుని చూశాను. వేళ్ల మధ్య దారం చుట్టుకుని ఉంది. వెనక ఒక మూర పొడుగు ఈడ్చుకుంటూ నడుస్తోంది. బురద పట్టి రంగు తెలియడం లేదు. పొలాల వలల దారమో, పతంగి దారమో అని వినాయక్ భావు అన్నాడు. ఆయన అంత కోపంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఎవడో ఆలోచన లేనివాడు, పెద్దబాపూ! ఎవడో చేతిలో ఉన్నది పారేసి పోయాడు, ఇది కాలికి ఉరి వేసుకుంది. బిగుసుకుంటే వేలు కుళ్లిపోతుంది. ముళ్లకంపకు చిక్కుకుంటే నక్కలకో కుక్కలకో దొరికిపోతుంది.

పట్టుకుని విప్పవచ్చు కదా అని మా పై అధికారి సాహెబ్‌ను అడిగాను. పట్టుకుంటే ఈ జాతి పక్షులు భయంతోనే ప్రాణం వదలవచ్చట. చూస్తూ ఉండటమే అన్నారు. చూస్తూ ఉండటం ఇంత కష్టమని నాకు తెలియదు.

గూడు సంగతి రాస్తానన్నాను కదా. దీనికి గూడే లేదు. ఉత్త నేల మీద ఒక్క గుడ్డు పెడుతుంది, అంతే. పుల్ల లేదు, పీచు లేదు. చెట్టెక్కదు కూడా. వెనక వేలు ఉండదు, మూడు వేళ్లే, అందుకని కొమ్మ పట్టుకోలేదు. నీ బొమ్మలో కొమ్మ వేయకు.

మేఘన


సోలాపూర్, కుంఠా నాకా
ఆగస్టు ఆఖరు

మేఘనా,

అది నాదే.

నీ ఉత్తరం మగ్గం గుంటలో కూర్చుని చదివాను. దారం అన్న మాట దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివాను. గూడే లేని పక్షికి గూటి కోసం దారం ఇచ్చి వచ్చాను. నువ్వు రాసిన ఆలోచన లేనివాడు మీ పెద్దబాపే. ఈపాటికి నా ముందటి ఉత్తరం నీకు అందే ఉంటుంది, నీకు తెలిసే ఉంటుంది. అయినా నా చేత్తో మళ్లీ రాస్తున్నాను. వినాయక్ భావుకు కూడా చెప్పు. దాచకు.

ఎన్ని పిట్టలకు ఇచ్చాం ఈ వాడలో! ఒక్కటీ చిక్కుకోవడం చూడలేదు. లేక మేము చూడలేదేమో, అవి ఎక్కడ చిక్కుకున్నాయో. పొద్దుటి నుంచి అదే ఆలోచన.

మీ పెద్దమ్మ ఉత్తరం నాచేత గట్టిగా చదివించుకుని విన్నది. ఆమె బీడీల చాట పక్కకు పెట్టడం నేను ఎప్పుడో గాని చూడను. పక్కకు పెట్టింది.

కొమ్మ వేసిన అట్టలు తీసేశాను. మెడ అయింది, రెక్కలు అయ్యాయి. కాళ్లు మిగిలాయి. దాని కాలు విడివడిందని నువ్వు రాసేదాకా నేను కాళ్లు నేయను. మగ్గం అట్లాగే ఉంటుంది.

సిద్ధరాములు


నాన్నజ్
సెప్టెంబర్

పెద్దబాపూ,

ఇన్నాళ్లూ జవాబు రాయనిది కావాలనే. నీ పున్నమి ఉత్తరం, నేను నాది పోస్టు చేసిన మర్నాడు అందింది. అదే రోజు ఎండ కాసింది. బట్టమేక నీళ్లు తాగడానికి వచ్చింది. నీళ్లకు బురద పోయిన దారం ఎండలో మెరిసింది. దుర్భిణి పట్టుకున్న నా మణికట్టు మీద ఏ రంగు ఉందో దాని కాలికీ అదే రంగు.

నాకు చాలా కోపం వచ్చింది. నీ మీద ఇంత కోపం నా బతుకులో రాలేదు. చేతికున్న పోగు తెంపేద్దామని లాగాను, తెగలేదు. పళ్లతో కొరికాను, తెగలేదు. అప్పుడు ఏడుపొచ్చింది. చేతులూ పళ్లూ ఉన్న నావల్లే కానిది, ముక్కుతో పొడుచుకునే దానివల్ల ఏమవుతుంది? అంత గట్టిగా ఎందుకు పేనావు పెద్దబాపూ?

వినాయక్ భావుకు చెప్పాను. ఆయన తన చేతి పోగు వైపు చాలాసేపు చూశాడు. "ఆశీర్వాదం అనుకునే ఇచ్చిండు గదా పాపం పెద్దమనిషి" అన్నాడు, తనకొచ్చిన కొంచెం మన తెలుగులో. ఆ మాట విన్నాక నా కోపం తగ్గింది. భయం తగ్గలేదు.

మంచె కింద పొదలు చూశాను. నువ్వు పరిచిన ముక్కలు సగం అక్కడ లేవు. గాలికి గడ్డిలోకి పోయాయి. నేను దొరికినన్ని ఏరాను. ఇంకా ఎన్ని ఉన్నాయో తెలియదు.

మేఘన


సోలాపూర్, కుంఠా నాకా
సెప్టెంబర్

మేఘనా,

గట్టిగా ఎందుకు పేనానని అడిగావు. తెగని పోగు పేనడమే మా కులవిద్య తల్లీ. తెగితే తిట్లు తిన్నాను, తెగకపోతే మెచ్చుకున్నారు. తెగకపోవడం కూడా తప్పవుతుందని నాకెవరూ చెప్పలేదు. నీ కోపం న్యాయమైనదే. నువ్వు నా వైపు కాకుండా ఆ పక్షి పక్షాన నిలబడినందుకు, చెప్పుకోకూడదు గాని, నాకు గర్వంగా ఉంది.

ఇప్పుడు ఒక మనవి. మీ సాహెబ్‌ను అడుగు. మిగిలిన ముక్కలు ఏరడానికి మమ్మల్ని రానిస్తారా? నేను పరిచినవి నేనే ఏరాలి. ఈ సంగతి వాడలో దాచలేదు, చెప్పేశాను. పొరుగింటి అంబాదాస్ వస్తానన్నాడు. మగ్గాలకు సెలవు రోజున ఇంకొందరు వస్తామన్నారు. దారం ఎక్కడ పడ్డా మా కంటికి తగులుతుంది, పుట్టిందే దారంలో కనుక. మీ పెద్దమ్మ తనూ వస్తానంటోంది. ఆమె చెప్పమన్నట్టే రాస్తున్నాను:

"మేఘనా, నాకు మస్తు కాళ్జీ, మస్తు రంది అయితున్నది. గా పక్షి ఏమన్న తింటున్నదా లేదా? మీ పెద్దబాపు అన్నం సగమే తింటున్నడు. ఇద్దరికి సుతం ఒక్కటే రోగం."

సిద్ధరాములు


నాన్నజ్
అక్టోబర్ మొదట్లో

పెద్దబాపూ,

మీరంతా వచ్చి వెళ్లిన రోజు గురించి మా క్యాంపులో ఇంకా చెప్పుకుంటున్నారు. నువ్వు అక్కడే ఉన్నావు, అయినా నీకు తెలియని సంగతి ఒకటి రాస్తాను.

టెంపోలోంచి మీ గుంపు దిగుతుంటే మాకు గుండె జారింది. మన మగ్గాలవాళ్ల గొంతులు ఎట్లాంటివో నాకు తెలుసు కదా. పక్కనున్న మనిషిని పిలిచినా పక్క వీధిదాకా వినిపించాలి. ఇక్కడేమో గుసగుస కూడా వద్దని బోర్డులు పెట్టుకున్నాం. సాహెబ్ వినాయక్ భావు వైపు చూశారు, వినాయక్ భావు నా వైపు చూశాడు. నేను మీ అందరికీ ఒక్కసారి చెప్పాను, పక్షికి చప్పుడు పడదని. అంతే. ఆ తర్వాత సాయంత్రం దాకా ఒక్క మాట వినబడలేదు. అందరూ పవర్‌లూమ్ మోతలో మాట్లాడుకునే చేతి సైగలు మొదలుపెట్టారు. పోగు తెగింది, దారం కండె అయిపోయింది, ఇటు రా, అటు చూడు. ఆ సైగలతోనే గడ్డినంతా వరసలు పంచుకున్నారు. పెద్దమ్మ వంగి, బీడీ ఆకు ఏరినట్టు ఒక్కొక్క పోచనూ పక్కకు తప్పిస్తూ పోయింది. అంబాదాస్ కాకా ముళ్లపొదలోకి చెయ్యిపెట్టి చీరుకున్నాడు, అబ్బా అని కూడా అనలేదు. మీ పక్కనుంచే తీతువు పిట్ట పిల్లలను వెంటేసుకుని బెదరకుండా పోయింది.

సాహెబ్ మంచె మీద నిలబడి చూశారు. "ఏళ్ల నుంచి వచ్చేవాళ్లకు చెబుతున్నాను, నిశ్శబ్దంగా ఉండండని. నిశ్శబ్దంగా ఉండటమంటే ఏమిటో ఇవ్వాళ చూశాను" అన్నారు. ఆయన ఎవరినీ మెచ్చుకోగా మేము వినలేదు.

ఒక భరతపక్షి ఖాళీ గూటిలో కూడా మన పోగు దొరికింది కదా, దాన్ని చూసి నువ్వు అక్కడే కూర్చుండిపోయావు. ఆ పిల్లలు క్షేమంగా ఎగిరిపోయాయని వినాయక్ భావు చెప్పమన్నాడు. ఆయన వాటిని చూశాడట.

చెప్పాలా వద్దా అని ఆగిన మాట ఒకటి ఉంది. మీరొచ్చిన రోజుకు ముందు నుంచే బట్టమేక కనబడటం లేదు. మీ ముందు చెప్పలేకపోయాను. ఇప్పటికీ కనబడలేదు. పొలాల వైపు పోయి ఉండవచ్చు, ఎప్పుడూ పోతూనే ఉంటుంది. అటువైపు కరెంటు తీగలున్నాయి. దానికి పక్కలు బాగా కనబడతాయి గాని ఎదురుగా ఉన్న సన్నటి తీగ కనబడదు. రోజూ తీగల కింద నడిచి చూసి వస్తున్నాం. ఏమీ దొరకలేదు. ఏమీ దొరకనందుకు ప్రతిరోజూ దండం పెట్టుకుంటున్నాను.

మేఘన


సోలాపూర్, కుంఠా నాకా
దీపావళి దాటాక

మేఘనా,

దీపావళికి ఇంటికి వస్తావేమోనని చూశాను. రానందుకు మీ పెద్దమ్మ అలిగింది, నేను అలగలేదు. తీగల కింద నడిచేవాళ్లకు పండగేమిటి.

మగ్గం పక్షి కాళ్ల దగ్గరే ఆగి ఉంది. పడుగుకు పట్టించిన గంజి కోసం ఎలుకలు వస్తున్నాయి, పొద్దున లేచేసరికి రెండు చోట్ల కొరికి ఉంది. ముడులు వేసుకున్నాను. మీ పెద్దమ్మ నిన్న కూర్చోబెట్టి, పెదవులు కనబడేలా మొహం ఎదురుగా పెట్టి అన్నది:

"గీ మొండితనం ఎందుకయ్యా? కాళ్లు నేసెయ్. పక్షి నడుస్తది. మనం ఇక్కడ నేస్తే అక్కడ నడుస్తదనుకో."

నేను నేయలేదు. దాని కాలు నిజంగా విడివడకుండా నా బట్ట మీద విడిపించి చూపిస్తే అది అబద్ధం నేసినట్టు అవుతుంది. ఇన్నేళ్లలో షాపువాడు అడిగిందల్లా నేశాను, అబద్ధం మాత్రం నేయలేదు.

ఏదైనా సరే, మంచిగాని చెడుగాని, దాచకుండా రాయి. నేను తట్టుకుంటాను. తట్టుకోకపోయినా రాయి.

సిద్ధరాములు


నాన్నజ్
నవంబర్ ఆఖరు

పెద్దబాపూ,

ముందు ఈ కవరులో ఉన్న పల్చటి కాగితం విప్పి చూడు. విప్పావా? ఇప్పుడు చదువు.

నిన్న పొద్దున నీటిగుంట అంచున బురదలో అడుగులు కనబడ్డాయి. కొత్తవి. వినాయక్ భావు కింద కూర్చుని వంగి చూశాడు. కుడికాలు ముద్ర, ఎడమకాలు ముద్ర. ఎడమ ముద్ర వెనక ఈడ్చిన గీత కోసం వెతికాం. గీత లేదు. ఒక అడుగు, ఇంకొక అడుగు, ఎన్ని అడుగులు చూసినా గీత లేదు. పులుల పాదముద్రలు గీయడానికి మాకు శిక్షణలో నేర్పినట్టు, ముద్ర మీద గాజుపలక పెట్టి గీసి, కాగితం మీదికి ఎక్కించాను. నీకోసం ఎడమ పాదమే ఎక్కించాను. మూడు వేళ్లు. లెక్క సరిపోయిందా?

ముద్రలు చూసి తృప్తిపడి వెనక్కి తిరిగాం. అప్పుడు లేచింది. మాకు అంత దగ్గరలో గడ్డిలో ఉందని ఇద్దరికీ తెలియదు. నాలుగు అడుగులు పరుగెత్తింది. రెండు కాళ్లూ సమంగా పడ్డాయి పెద్దబాపూ, నా కళ్లతో చూశాను. ఆ తర్వాత రెక్కలు విప్పింది. అవి విప్పుతూనే ఉంది, అయిపోవేమోననిపించింది. తొందర లేదు. బరువైన మగ్గం నింపాదిగా ఆడుతున్నట్టు ఒక్కొక్క ఊపు. మా నెత్తి మీదుగా పోతుంటే గాలి తగిలింది. కాళ్లు వెనక్కి చాచి ఉన్నాయి, శుభ్రంగా ఉన్నాయి. ఎగిరినప్పుడు నీకే తెలుస్తుందని వినాయక్ భావు ఎందుకన్నాడో నాకు తెలిసింది. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అది తీగలున్న వైపు కాకుండా గడ్డి లోపలి వైపే తిరిగేదాకా మేమిద్దరం దాని మీది నుంచి కళ్లు తిప్పలేదు.

ఎట్లా ఊడిందో ఎవరూ చూడలేదు. వానకు కుళ్లిందో, ముళ్లకు తగిలిందో, దానంతట అదే విప్పుకుందో. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ విప్పలేదు. ఈ గడ్డి ఉంది కనుక దానికి తప్పించుకోవడానికి చోటు దొరికింది, తినడానికి దొరికింది, నయమయ్యేదాకా దాక్కోవడానికి దొరికింది. మేము చేసిందల్లా ఈ చోటును దానికోసం ఉంచడమే. గడ్డికి కావలి ఎందుకని పెద్దమ్మ అడిగిన ప్రశ్నకు అసలు జవాబు ఇదే, ఇప్పుడు చెప్పు.

కాగితంలో మధ్య వేలు చూడు. చివర కొంచెం పక్కకు తిరిగి ఉంది. అది నా గీతలో తప్పు కాదు. దారం బిగిసిన చోటు అదే. ఇక అట్లాగే ఉంటుందని, నడకకు అడ్డం కాదని సాహెబ్ అన్నారు.

నా చేతి పోగు ఇంకా తీయలేదు.

నీ మేఘన


సోలాపూర్, కుంఠా నాకా
డిసెంబర్

చిరంజీవి మేఘనకు పెద్దబాపు దీవెనలు.

కాగితం విప్పి కళ్లకద్దుకున్నాను. మీ పెద్దమ్మ లాక్కుని తనూ అద్దుకున్నది. వీధంతా తిరిగింది ఆ కాగితం. అంబాదాస్ గీసుకుపోయిన చెయ్యి చూపించి మరీ చెప్పుకుంటున్నాడు, మా పక్షి ఎగిరిందని. మా పక్షట! పులి ఉన్నదా అని నన్ను వెక్కిరించినవాడు వాడే. గడ్డి సంగతి మీ పెద్దమ్మకు చదివి వినిపించాను. "అయితే జీతం తక్కువే ఇస్తున్నరు పొల్లకు" అన్నది.

ఒక మాట ఇచ్చుకున్నాం వాడలో. ఇకమీదట గోడల మీద దారం పెట్టము. పిట్టలకు నీళ్లు పెడతాము, గింజలు పెడతాము. నూలి పున్నమి పోగు మనుషుల చేతికే. నీ చేతిది వచ్చే పున్నమి దాకా ఉంచుకో, అప్పుడు నేనే వచ్చి కత్తెరతో తీస్తాను.

మర్నాడే మగ్గం ఎక్కాను. నువ్వు గీసిన ముద్రను చూస్తూ కొత్త అట్టలకు చిల్లులు కొట్టించాను. కాళ్లు నేశాను. కింద కొమ్మ లేదు, గడ్డి ఉంది. పక్షి చుట్టూ ఏ పువ్వూ వేయలేదు, నేల అంతా ఖాళీగా వదిలాను. చాదర్ తిప్పి చూస్తే రంగులు తారుమారవుతాయి కదా, అటువైపు గడ్డి ముదురుగా, పక్షి తెల్లగా వచ్చింది. రెండు వైపులా బాగుంది. చలి మొదలైంది, ఈ పార్శిల్ అందగానే కప్పుకో. వినాయక్ భావుకు కూడా ఒకటి నేస్తున్నాను.

నిన్న కొంతం చౌక్ షాపు షేట్ ఏదో పనిమీద వచ్చి చాదర్ పట్టుకుని చూశాడు. మెచ్చుకున్నాడు. చూసి చూసి ఎడమకాలు దగ్గర వేలు పెట్టి, "సిద్ధరాములూ, ఇక్కడ నేత తప్పింది. మధ్య వేలు వంకర వచ్చింది. విప్పి సరిచెయ్" అన్నాడు.

సరిచేయనని చెప్పాను.

నీ పెద్దబాపు
సిద్ధరాములు